విచారణ అంటే అసలు ఏమిటి, విచారానికీ దానికీ సంబంధం ఉందా?

విచారణ అంటే ఒక విషయంలో నిజమేంటో తేల్చడానికి పద్ధతి ప్రకారం అడిగి, పరిశీలించడం. విచారం అనే మాటతో దానికి చుట్టరికం ఉంది కానీ బాధతో మాత్రం లేదు.

రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే. చర్ అంటే తిరగడం, దానికి వి చేరితే ఒక విషయం చుట్టూ మనసును తిప్పడం, అంటే ఆలోచించడం అనే అర్థం వచ్చింది. హిందీలో విచార్ అంటే ఇప్పటికీ ఆలోచనే. మన దగ్గర మాత్రం విచారం దిగులు వైపు జారిపోయింది (ఎక్కువ ఆలోచిస్తే మిగిలేది అదేగా), విచారణ పాత దారిలోనే ఉండి ఆఫీసుల్లో, కోర్టుల్లో స్థిరపడింది. విచారించు అనే క్రియకి మాత్రం రెండు అర్థాలూ ఉన్నాయి, గందరగోళమంతా అక్కడే.

ఉదాహరణకి "కేసు విచారణ సోమవారానికి వాయిదా పడింది" అంటే కోర్టులో వాదనలో సాక్ష్యాలో వినడం ఆ రోజుకి మారిందని. రైల్వే స్టేషన్ ఎంక్వైరీ కౌంటర్ మీద కనిపించే విచారణ అయితే రైలు ఎప్పుడొస్తుందో అడిగే చోటు, అంతే.

చాలామంది దీన్నీ దర్యాప్తునీ ఒకటే అనుకుంటారు, పేపర్లు కూడా కలిపేసి రాస్తుంటాయి. దర్యాప్తు ఉర్దూ మీదుగా వచ్చిన పారసీ మాట, పోలీసులు ఆధారాలు సేకరించే పనికి అది వాడాలి, కోర్టు చేసేది విచారణ. ఇంకోటి, పోలీసులు ఎవరినైనా "విచారణకు పిలిచారు" అంటే అక్కడ విచారణ అంటే ప్రశ్నలడగడం, పిలిచినంత మాత్రాన వాళ్లు నిందితులని కాదు, సాక్షులనీ అలాగే పిలుస్తారు.