ఈ నీళ్ళు అరటిచెట్టుకి పొయ్యొచ్చా?

జూన్‌లో ఊరొచ్చానండి. అంబాజీపేట దగ్గర మాది చిన్న ఊరు, న్యూజెర్సీ వెళ్ళి 18 ఏళ్ళయినా పిల్లల సెలవులకి ఇక్కడికే వస్తాం. ప్రతి ఏడూ ఇదే వరస, ఆగస్టులో చదువుకి వెళ్ళే పిల్లలూ, కొత్తగా పెళ్ళయ్యి వెళ్ళే అమ్మాయిలూ సాయంత్రం అయ్యేసరికి మా అరుగు మీద కూర్చుంటారు, ఆవకాయ ఎంత తీసుకెళ్ళాలి, కుక్కర్ ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా అని అడుగుతా ఉంటారు. ఈసారి మా పిన్ని కూతురు అడిగింది, "అక్కా, అక్కడ ఇల్లు దేంతో తుడుస్తారు, ఫినాయిల్ దొరుకుద్దా?" అని. మిగతావాళ్ళు నవ్వేశారు గానీ నాకు మాత్రం ఆ ప్రశ్న చాలా నచ్చింది, ఎందుకంటే వెళ్ళిన కొత్తలో నేను డబ్బులు పోగొట్టుకున్నదీ ఒంటిమీదకి తెచ్చుకున్నదీ ఈ విషయంలోనే. అందుకే ఆ రోజు వాళ్ళకి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నా, ఇంకెవరైనా బయల్దేరేవాళ్ళుంటే పనికొస్తుంది.

ముందు అన్నిటికన్నా ముఖ్యమైంది. అమెరికా అపార్ట్‌మెంట్లలో చాలావరకు బాత్రూమ్ గచ్చుకి నీళ్ళు పోయే తూము ఉండదండి. టబ్బులో ఉంటుంది, సింకులో ఉంటుంది, నేల మీద ఉండదు. నాకెవరూ చెప్పలేదు. వెళ్ళిన రెండో వారం శుక్రవారం పొద్దున్నే ఇక్కడ అలవాటు చొప్పున రెండు బక్కెట్లు నీళ్ళు కొట్టి చీపురుతో రుద్దాను, నీళ్ళు ఎటు పోతాయో చూసుకోలేదు, సాయంత్రానికి కింద ఇంటివాళ్ళ సీలింగ్ మీద పెద్ద మరక, ఖాళీ చేసినప్పుడు మా డిపాజిట్‌లోంచి దానికి కోసేశారు. వంటింట్లో కూడా చెక్కలాగా కనిపించే నేల చాలాసార్లు లామినేట్, అంటే చెక్కపొడి నొక్కి చేసిన పలక, నీళ్ళు నిలిస్తే అంచులు ఉబ్బిపోతాయి. కడగడం అన్న మాటే మర్చిపోండి, అక్కడంతా తుడవడమే. స్ప్రే కొట్టడం, గుడ్డతో తుడవడం, అంతే.

తుడవడానికి ఏం కొనాలా అని షాపుకెళ్తే ఒక పెద్ద వరస మొత్తం సీసాలే ఉంటాయి. అద్దానికి ఒకటి, స్టవ్‌కి ఒకటి, టాయిలెట్‌కి ఒకటి, గ్రానైట్‌కి ఒకటి, స్టీలుకి ఒకటి. నేను ఎనిమిది కొన్నాను. రెండు నెలలకి ఇంకో పని చేశాను, టబ్బులో తెల్లగా పేరుకున్న ఉప్పు పోవట్లేదని యాసిడ్ రకం క్లీనర్ వేసి, అదీ చాల్లేదని దాని మీద బ్లీచ్ పోశాను. కిటికీ లేని బాత్రూమ్. ఒక్క నిమిషంలో గొంతు పట్టేసింది, కళ్ళు మండిపోయాయి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను, దగ్గు రెండు రోజులు తగ్గలేదు. బ్లీచ్‌లో యాసిడ్ ఏది కలిసినా, అది వెనిగర్ అయినా సరే, క్లోరిన్ గ్యాస్ వస్తుందండి. బ్లీచ్‌లో అమ్మోనియా కలిస్తే క్లోరమీన్ అని ఇంకోరకం విషపు గ్యాస్, అద్దాలు తుడిచే స్ప్రేల్లో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది. ఏ రెండు సీసాలూ కలపొద్దు, ఒకదాని మీద ఒకటి కొట్టొద్దు, ఇది మాత్రం రాసి పెట్టుకోండి. అలాంటిదేదైనా జరిగితే తలుపు తెరిచి బయటికి వచ్చెయ్యాలి, ఆ తర్వాత 1-800-222-1222కి ఫోన్ చెయ్యాలి, అది అమెరికాలో విషాల గురించి ఉచితంగా సలహా చెప్పే నంబరు, రాత్రీపగలూ పలుకుతారు. ఊపిరి ఆడకపోతే మాత్రం నేరుగా 911.

ఆ దెబ్బతో ఎనిమిది సీసాలూ ఆపేసి ఒక్క ఆల్ పర్పస్ క్లీనర్‌కి వచ్చాను, అదీ మొక్కల నుంచి చేసింది, కాన్‌సన్‌ట్రేట్, అంటే చిక్కటి మందులాంటిది, మూత కొలతతో నీళ్ళలో కలుపుకోవాలి. ఒక చిన్న సీసా మాకు నెలలు నెలలు వస్తుంది. ఈసారి ఆ సీసా ఊరికి తెచ్చాను, అమ్మ ఇంట్లో వాడి చూద్దామని. నిజం చెప్పాలంటే మా అమ్మ వంటిల్లుకన్నా గట్టి పరీక్ష ఇంకోటి లేదు, వేపుళ్ళ జిడ్డు, బోరు నీళ్ళ ఉప్పు, పసుపు, కొబ్బరినూనె, అన్నీ ఒక్కచోటే.

గ్యాస్ స్టవ్ వెనకాల టైల్స్ మీద జిడ్డుంటుంది కదా, రొయ్యలు వేపినప్పుడల్లా ఎగిరి, దుమ్ము పట్టి, పచ్చగా జిగురుగా. కొట్టాను, తుడిచాను, సగమే వచ్చింది. అమ్మ "ఇంతేనా మీ అమెరికా మందు" అంది. మళ్ళీ కొట్టి ఈసారి అయిదు నిమిషాలు వదిలేశాను, ఆ తర్వాత గుడ్డ పెడితే చక్కగా ఊడి వచ్చేసింది. కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు ఇదేనండి, కొట్టిన వెంటనే తుడిచేసి ఇది పనిచెయ్యట్లేదని ఇంకా ఘాటైన సీసా కొంటారు. ఈ రకం క్లీనర్లు జిడ్డు కిందకి మెల్లగా దూరి దాన్ని నీళ్ళలోకి తెస్తాయి, దానికి కాస్త టైం ఇవ్వాలి. ఫ్రిజ్ హ్యాండిల్, స్విచ్చిబోర్డులు (స్ప్రే గుడ్డ మీదే కొట్టాలి, బోర్డు మీద కొట్టకూడదు), ఫ్యాను రెక్కలు, డైనింగ్ టేబుల్, అన్నీ బాగా వచ్చాయి.

పసుపు మరక దగ్గర మాత్రం అమ్మ కంగారుపడింది, తెల్ల గట్టు మీద పచ్చగా ఉన్నది స్ప్రే కొట్టగానే ఎర్రబడిపోయింది. భయపడక్కర్లేదు, పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎందుకవుతుందో ఇదీ అందుకే. సున్నంలాగే సబ్బుల్లో, కొన్ని క్లీనర్లలో క్షారం ఉంటుంది. తడిగుడ్డతో తుడిచేస్తే ఎరుపు తగ్గుతుంది, మిగిలిన పచ్చదనం ఎండ తగిలితే రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది. అక్కడ అద్దెంటి ప్లాస్టిక్ గట్టు మీద పసుపు పడితే ఇది గుర్తుపెట్టుకోండి, పడిన వెంటనే తుడవడం అన్నిటికన్నా మేలు.

కుళాయి మీద తెల్లటి ఉప్పు పొర మాత్రం ఇది ఎంతసేపు ఉంచినా కదల్లేదు. కదలదు కూడా, అది జిడ్డు కాదు కదా, సున్నపురాయి లాంటి పదార్థం, దానికి పులుపు కావాలి. అక్కడైతే తెల్ల వెనిగర్ చవగ్గా దొరుకుతుంది, అందులో 5 శాతం అసిటిక్ యాసిడ్ ఉంటుంది, గుడ్డ ముంచి కుళాయికి చుట్టి అరగంట ఉంచితే పొర కరిగిపోతుంది, తర్వాత నీళ్ళతో కడిగెయ్యాలి. ఇక్కడ నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్ళతో చేశాం, బ్రహ్మాండంగా పోయింది. ఇత్తడి కుందులకి అమ్మ నా సీసా ముట్టుకోనివ్వలేదు, చింతపండే పెట్టింది, ఆవిడే కరెక్టు.

అయితే ఉప్పుని కరిగించే పులుపే మార్బుల్‌ని కూడా తినేస్తుంది, మార్బుల్ కూడా సున్నపురాయి జాతే కదండీ. మా రెండో ఇంట్లో బాత్రూమ్ సింకు చుట్టూ మార్బుల్ ఉండేది, వెనిగర్ స్ప్రే ఇంట్లో చేసుకున్నది సహజమైనదే కదా అని దాంతోనే రోజూ తుడిచాను, నెల తిరిగేసరికి మెరుపు పోయి మసకగా మచ్చలు పడ్డాయి, అవి తుడిస్తే పోయేవి కావు, రాయే అరిగింది. గ్రానైట్ అంత సున్నితం కాదు గానీ దాని మీద సీలర్ పూత వేస్తారు, వెనిగర్ అస్తమానూ వాడితే ఆ పూత పోతుంది, ఆ తర్వాత నూనె మరకలు రాయి లోపలికే దిగుతాయి. రాయి మీద ఎప్పుడూ మామూలు క్లీనరే వాడండి.

ఇంకొకటి, వీడియోల్లో చూపిస్తారే, బేకింగ్ సోడా మీద వెనిగర్ పొయ్యడం, బుసబుసా పొంగడం. చూడ్డానికి బావుంటుంది. కానీ ఒకటి క్షారం, ఇంకోటి యాసిడ్, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుని చివరికి ఎక్కువ భాగం నీళ్ళూ కాస్త ఉప్పూ మిగులుతాయి. విడివిడిగా వాడితేనే రెండూ పనిచేస్తాయి, సోడా మెత్తగా రుద్దుకోవడానికి, వెనిగర్ ఉప్పు పొరకి.

ఇలా రోజంతా తుడిచాక బక్కెట్‌లో మురికి నీళ్ళు మిగిలాయి. దొడ్లోకి తీసుకెళ్తుంటే అమ్మ అడిగింది, "ఈ నీళ్ళు అరటిచెట్టుకి పొయ్యొచ్చా?" అని.

18 ఏళ్ళలో నన్నెవ్వరూ అడగని ప్రశ్న ఇది. అక్కడ నీళ్ళు సింకులో కనిపించకుండా పోతాయి, ఎటు పోయాయో మనకి తెలీదు. మా ఇంట్లో అయితే అంట్లు తోమిన నీళ్ళు అరటి మొదట్లోకి వెళ్తాయి, అక్కణ్ణుంచి బోదెలోకి, బోదెలోంచి మురుగు కాలవలోకి, అట్నుంచి సముద్రంలోకి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మా వైపు బతుకంతా ఈ కాలవల మీదే, నీళ్ళు ఎటు వచ్చి ఎటు పోతాయో చిన్న పిల్లాడికి కూడా తెలుసు. కాలవల్లో గుర్రపుడెక్క ఎలా అల్లుకుపోయిందో చూస్తున్నాం, చేల ఎరువూ, ఇళ్ళ మురుగూ, సబ్బుల్లో ఫాస్ఫేట్, అన్నీ దానికి మేతే. అమ్మ కుంకుడుకాయ నలగ్గొట్టి, బూడిదా కొబ్బరిపీచుతో అంట్లు తోమిన రోజుల్లో ఈ ప్రశ్న అడగాల్సిన అవసరమే లేదు. ఆవిడకి ఎకో ఫ్రెండ్లీ అన్న మాట తెలీదు గానీ దాని అసలు అర్థం మాత్రం ఒక్క వాక్యంలో అడిగేసింది.

అప్పుడు సీసా తిప్పి లేబుల్ చదివి వినిపించాను. ఫాస్ఫేట్ లేదు, బ్లీచ్ లేదు, నురుగు వచ్చే పదార్థం డెసైల్ గ్లూకోసైడ్, దాన్ని కొబ్బరినూనె లాంటి నూనెల నుంచి వచ్చే కొవ్వుతోనూ పిండి చక్కెరతోనూ చేస్తారు, మట్టిలో తేలిగ్గా విరిగిపోతుంది. కొబ్బరి అనగానే అమ్మ మొహం వెలిగింది. అయినా సరే అన్ని బక్కెట్లూ ఒకే చెట్టుకి పొయ్యొద్దని చెప్పాను, ఎకో అంటే ఎరువు కాదు కదా. బేకింగ్ సోడా కలిపిన నీళ్ళు అసలే వద్దు, దాంట్లో సోడియం ఉంటుంది, సముద్రం వైపు మన నేలల్లో ఇప్పటికే ఉన్న ఉప్పు చాలు.

అక్కడ కొనేటప్పుడు మీరూ ఇలాగే లేబుల్ చదవండి. గ్రీన్, నేచురల్, ఆకు బొమ్మ, వీటిని చూసి డబ్బులు పెట్టొద్దు. సేఫర్ చాయిస్ అన్న ముద్ర ఉందేమో వెతకండి, అది అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చేది, లోపల వేసిన ప్రతి పదార్థాన్నీ పరిశీలించి ఇస్తారు, ఈ పేరుతో 2015 నుంచి ఉంది. యూరప్ వెళ్ళేవాళ్ళకి అయితే ఈయూ ఎకోలేబుల్, పువ్వు గుర్తు, 1992 నుంచి ఉంది. మన దేశంలోనూ 1991లోనే ఎకోమార్క్ అని మట్టికుండ గుర్తు పెట్టారు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళో చంటిపిల్లలో ఉంటే వాసన లేని రకమే తీసుకోండి, మొక్కల నుంచి తీసిన సెంటు నూనెలైనా కొందరికి ఊపిరి పట్టేస్తాయి. పిల్లిని పెంచుకునేవాళ్ళు టీ ట్రీ ఆయిల్ ఉన్నవి ఇంట్లోకే తేవొద్దు, పిల్లులకి అది విషం.

శుభ్రం చెయ్యడం వేరు, క్రిములు చంపడం వేరు, ఇదొకటి అర్థం చేసుకోవాలి. ఈ క్లీనర్ మురికినీ దాంతోపాటు చాలా క్రిముల్నీ తుడిచి తీసేస్తుంది గానీ చంపదు. రోజువారీకి అది చాలు. ఇంట్లో ఎవరికైనా వాంతులు విరేచనాలు అయినప్పుడో, పచ్చి చికెన్ నీళ్ళు గట్టు మీద కారినప్పుడో ముందు సబ్బుతో తుడిచి తర్వాత డిసిన్‌ఫెక్టెంట్ వాడాలి, దాని మీద ఈపీఏ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, ఎన్ని నిమిషాలు తడిగా ఉంచాలో కూడా రాసి ఉంటుంది, ఆ టైం ఉంచకపోతే కొట్టిన ఫలం దక్కదు.

సీసాలో మిగిలింది అమ్మకే వదిలేశాను. కానీ ఆవిడ ఈలోగా ఇంకోటి మొదలెట్టింది, ఎవరో చెప్పారట, ఒక వంతు బెల్లం, మూడు వంతులు నిమ్మ బత్తాయి తొక్కలు, పది వంతులు నీళ్ళు ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూడు నెలలు మురగబెడితే ఇల్లు తుడిచే ద్రవం తయారవుతుందని. బయోఎంజైమ్ అంటారు. బావుంటుంది, కానీ మొదటి నెల రోజూ మూత వదులు చేసి గ్యాస్ పోనివ్వాలి, గాజు సీసాలో అస్సలు పెట్టకూడదు, పగిలిపోతుంది. అదీ పులుపే కాబట్టి మార్బుల్ మీద వద్దు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి నేను దీన్ని చెప్పను, మూడు నెలల వాసన రూమ్మేట్లు భరించాలి కదా.

చివరికి మా పిన్ని కూతురు, "సరే అక్కా, మరి ఇక్కణ్ణుంచి ఏం తీసుకెళ్ళను?" అంది. క్లీనర్ ఏదీ వద్దన్నాను, అక్కడ ఒక సీసా కొనుక్కుంటే చాలు. ఒక్కటి మాత్రం తీసుకెళ్ళమన్నాను, నూలు గుడ్డలు. అక్కడ అందరూ పేపర్ టవల్స్ చించి పారేస్తూ ఉంటారు, నెలకి దానికే బోలెడు ఖర్చు. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత పంచె ముక్క జిడ్డు పీల్చుకున్నంత ఇంకేదీ పీల్చుకోదు, ఉతుక్కుని మళ్ళీ వాడుకోవచ్చు. అమ్మ లోపలికెళ్ళి నాన్న పాత పంచె ఒకటి తెచ్చింది, నాలుగు మడతలు పెట్టి పన్నెండు ముక్కలు చింపింది, అంచులు పీచు లేవకుండా ఆ రాత్రే మిషన్ మీద కుట్టి పెట్టింది.