పెట్టె 23 కేజీలు దాటుతోందా? ముందు వీడ్కోళ్లు ముగించండి

ఆదివారం డల్లాస్ ఫ్లైట్, మూడుసార్లు సర్దినా పెట్టె 23 కేజీలు దాటుతోందన్నారు కదా. తప్పు సర్దడంలో లేదు. వీడ్కోలు చెప్పడానికి వచ్చిన ప్రతివాళ్లూ ఓ పొట్లం చేతిలో పెట్టి వెళ్తున్నారు.

1. స్నేహితుల్ని ఇంటింటికీ తిరిగి కలవకండి. శుక్రవారం సాయంత్రం అందరినీ ఒకచోటికి పిలవండి.

2. చాలామంది మరిచిపోయేది ఇదే: ఆ సాయంత్రం అయ్యేదాకా పెట్టెలో మూడు కేజీల చోటు వదిలేయండి. నాకైతే బయల్దేరే రాత్రి గోంగూర పచ్చడి సీసా వచ్చింది. దానికోసం కొత్త జీన్స్ తీసేశాను, బాధేమీ లేదు!

3. "మా అబ్బాయికివ్వు" అంటూ ఇచ్చే పార్సిల్ విప్పి చూశాకే పెట్టెలో పెట్టండి. మొహమాటపడకండి.

4. పచ్చళ్లు చెక్-ఇన్ పెట్టెలో, పవర్ బ్యాంక్ మాత్రం చేతిసంచిలో.

5. చివరి తూకం శనివారం రాత్రి.