63 శాతం దగ్గర ఆగిపోతున్న వీడియో గురించి

చిరంజీవి మేనకోడలికి,
మామయ్య ఆశీర్వదించి రాయునది.

అమ్మమ్మ తాతయ్యల సహస్ర చంద్ర దర్శనం వీడియో ఎక్స్‌పోర్ట్ కావట్లేదని, అంటే ఎడిట్ చేసిందంతా ఒక్క ఫైల్‌గా బయటికి రావట్లేదని నువ్వు టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ప్రతిసారీ 63 శాతం దగ్గరే ఆగుతోందట, నువ్వు ఎడిటింగ్‌కి వాడే షాట్‌కట్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అంతేనట. ఇక ఇన్‌స్టాల్ చేయకు. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే ల్యాప్‌టాప్ వేడెక్కిందనో, మెమరీ చాలలేదనో అనుకోవచ్చు. ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందంటే మాత్రం తప్పు దాదాపుగా ఆ చోటే ఉంటుంది.

నీది గంటన్నర వీడియో. 90 నిమిషాల్లో 63 శాతమంటే సుమారు 57వ నిమిషం. టైమ్‌లైన్‌లో అక్కడికి వెళ్లి, అటో నిమిషం ఇటో నిమిషం మెల్లగా నడిపి చూడు. దండలు మార్చుకునే ఘట్టం అక్కడే వస్తుందనుకుంటా. బొమ్మ పగిలినట్టు ఆకుపచ్చ గళ్లు వచ్చినా, ఒక క్షణం బిగుసుకుపోయినా ఆ క్లిప్పే దోషి. ఎవరి ఫోన్ నుంచో సగం కాపీ అయిన ఫైల్ అయ్యుంటుంది. వాళ్లనడిగి అసలు ఫైల్ మళ్లీ తెప్పించుకో. దొరక్కపోతే ఆ చోట ఎస్ నొక్కి ముక్క చేసి, పాడైన రెండు మూడు సెకన్లూ తీసెయ్. చూసేవాళ్లకి తెలియను కూడా తెలియదు.

కంటికి ఏమీ కనబడలేదా? ప్రాజెక్టును వేరే పేరుతో సేవ్ చేసి, అందులో ఆ రెండు నిమిషాలు ఉంచి మిగతాదంతా తీసేసి, అది మాత్రం ఎక్స్‌పోర్ట్ చెయ్. గంటల తరబడి ఎదురుచూడకుండా జవాబు తెలుస్తుంది. అక్కడా ఆగితే ఎక్స్‌పోర్ట్ ప్యానెల్‌లో హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ (వీడియో తయారీ పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించేది) టిక్ తీసేసి చూడు. పని నెమ్మదిస్తుంది కానీ, గ్రాఫిక్స్ డ్రైవర్ తెచ్చే తలనొప్పి ఉంటే పోతుంది. ఒకేసారి నాలుగు సెట్టింగులు మార్చకమ్మా. ఒకటి మార్చు, చూడు, తర్వాతే ఇంకొకటి. లేకపోతే దేనివల్ల బాగుపడిందో తెలియదు, వచ్చే వీడియోకి మళ్లీ మొదటికొస్తావు.

ఇది దాటాక ఇంకో గండం ఉంది, ముందే చెబుతున్నా. తాతయ్య టీవీలో పెన్ డ్రైవ్ పెట్టి చూస్తారు కదా. పాత పెన్ డ్రైవులు చాలావరకు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి. అందులో ఒక్క ఫైల్ 4 జీబీ దాటితే పట్టదు, డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా సరే. లెక్క తేలికే: బిట్‌రేట్‌ని, అంటే ఒక సెకను వీడియోకి ఎన్ని మెగాబిట్లు (ఎంబీపీఎస్) అన్నదాన్ని, సెకన్లతో గుణించి 8తో భాగించు, మెగాబైట్లు వస్తాయి. 8 ఎంబీపీఎస్ పెడితే 5,400 సెకన్లకి 5.4 జీబీ, అంటే పట్టదు. 5 ఎంబీపీఎస్ పెడితే ఆడియోతో కలిపి సుమారు మూడున్నర జీబీ, హాయిగా పడుతుంది. ఎక్స్‌పోర్ట్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి, కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) దగ్గర యావరేజ్ బిట్‌రేట్ ఎంచుకుంటేనే ఈ లెక్క పనిచేస్తుంది. క్వాలిటీ ఆధారంగా వదిలేస్తే సైజు ఎంతొస్తుందో ముందు చెప్పలేం. ఫార్మాట్ ఎంపీ4, వీడియో హెచ్.264, ఆడియో ఏఏసీ. హెచ్.265 తక్కువ చోటు తీసుకుంటుందని దాని జోలికి పోకు, పాత టీవీలు చాలావాటికి అది అర్థం కాదు.

ఎక్స్‌పోర్ట్ ఎప్పుడూ ల్యాప్‌టాప్‌లోని డిస్క్‌లోకే చెయ్, పూర్తయ్యాక పెన్ డ్రైవ్‌కి కాపీ చేసుకో. ఫైల్ సైజుకి రెండింతలు ఖాళీ ఉండేట్టు చూసుకో. చార్జర్ పెట్టు, స్లీప్ ఆపెయ్.

ఇంకొకటి. మేళం మోతకి, డోలు మీద పడే దెబ్బకి మొదట్లో సరిపోయి, పోనుపోను తేడా వస్తోందేమో చూసుకో. ఫోన్లు ఒకే వేగంతో ఫ్రేములు తీయవు. వెలుతురు తగ్గితే సెకనుకి 30 బదులు 24కి కూడా దిగుతాయి. అలాంటి క్లిప్ వేసినప్పుడు ఎడిటింగ్‌కి అనువుగా కన్వర్ట్ చేయమంటావా అని షాట్‌కట్టే అడుగుతుంది. విసుక్కుని వద్దనకు, చెయ్యనివ్వు. చోటు ఎక్కువ తింటుంది, అయినా పర్లేదు. నాదస్వరం ఒకచోట, వేళ్లు ఇంకోచోట అయితే వినడానికే బాధగా ఉంటుంది.

ఇవన్నీ చేశాక కూడా ఆగితే, జాబ్స్ ప్యానెల్‌లో విఫలమైన పని మీద రైట్ క్లిక్ చేసి వ్యూ లాగ్ తెరువు. అందులో చివరి ఇరవై ముప్ఫై లైన్లు కాపీ చేసి నాకు పంపు. ఫోటో తీసి పంపకు, అక్షరాలు ఆనవు. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చెయ్, ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చుంటే ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మామయ్య