కువైట్‌లో అకామా తీరిపోయిన తమ్ముడికి చట్టబద్ధమైన దారి ఏది?

రాయచోటి నుంచి మీరు రాసిన ప్రశ్న పూర్తిగా చదివాను. మీ తమ్ముడు ఖాదిం (ఇంటి పనివారి) వీసా మీద హౌస్ డ్రైవర్‌గా కువైట్ వెళ్లారని, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) జీతం సరిగా ఇవ్వకపోవడంతో ఆ ఇల్లు వదిలి బయట పని చేసుకుంటున్నారని, అకామా (నివాస అనుమతి) గడువు తీరిపోయిందని రాశారు. ఇప్పుడొక ఏజెంటు డబ్బు కడితే షూన్ (ప్రైవేటు కంపెనీ) అకామా కొట్టిస్తానని, కొన్నేళ్లు గడిస్తే అక్కడే శాశ్వత నివాసం కూడా వస్తుందని నమ్మబలుకుతున్నాడని కూడా రాశారు. నేను కడపవాడిని. కువైట్‌లో ఒక కంపెనీ కార్యాలయంలో చాలాకాలం మందూబ్‌కు (ప్రభుత్వ కార్యాలయాల పనులు చూసే ఉద్యోగికి) సహాయకుడిగా ఉండి, కార్మికుల అకామా కాగితాలు చూసిన అనుభవంతో చెబుతున్నాను. దయచేసి ఆ ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ముందుగా శాశ్వత నివాసం సంగతి. మనలాగా పనికోసం వెళ్లినవారికి ఇన్నేళ్లు ఉంటే చాలని స్థిరనివాసపు హక్కు ఇచ్చే పద్ధతి కువైట్‌లో లేదు. 2025 జనవరి 5 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నివాస చట్టం ప్రకారం కూడా సాధారణ అకామా గరిష్ఠంగా ఐదేళ్లకే ఇస్తారు. పదేళ్లు, పదిహేనేళ్లు అన్నవి కువైటీ మహిళల సంతానానికి, ఆస్తి ఉన్నవారికి, పెట్టుబడిదారులకు ఉద్దేశించినవి. కుటుంబాన్ని తీసుకువెళ్లే ఆర్టికల్ 22 అకామాకు 2024లో నెలకు 800 దినార్ల జీతం ఉండాలని నిబంధన పెట్టారు. డ్రైవర్ జీతానికి అది అందే మాట కాదు. అందువల్ల మీ తమ్ముడి విషయంలో 'లీగల్ కావడం' అంటే చెల్లుబాటయ్యే అకామాతో పని చేసుకోవడం, లేదా మళ్లీ వెళ్లే అవకాశం పోగొట్టుకోకుండా ఇంటికి రావడం. మీరు ఆశించవలసినది ఈ రెండే.

ఇక ఖాదిం, షూన్ తేడా. ఖాదిం అంటే ఆర్టికల్ 20, ఇంటి పనివారి అకామా. షూన్ అంటే ఆర్టికల్ 18, ప్రైవేటు కంపెనీలది. ఒకదాని నుంచి మరొకదానికి మారడం ఏజెంటు చేతిలో ఉండదు, ప్రభుత్వం అనుమతి ప్రకటించినప్పుడే అది సాధ్యం. 2024 జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 వరకు అలాంటి అవకాశం ఇచ్చారు. అప్పుడు కూడా ఆ కఫీల్ దగ్గర కనీసం ఏడాది పనిచేసి ఉండాలి, ఆయన సమ్మతించాలి, 50 దినార్ల రుసుము కట్టాలి. కఫీల్ ఇల్లు వదిలి, అకామా కూడా తీరిపోయిన మనిషికి అది వర్తించే అవకాశమే కాదు. మరి ఏజెంటు ఏమి అమ్ముతున్నాడంటే, మనవాళ్లు ఆజాద్ వీసా అని పిలుచుకునేదాన్నే అమ్ముతున్నాడు. కాగితం మీద ఒక కంపెనీ పేరు ఉంటుంది, పని మాత్రం ఎక్కడ దొరికితే అక్కడ చేసుకోవాలి. కఫీల్ కాని వ్యక్తి దగ్గర పనిచేయడమే నేరం కాబట్టి, డబ్బు పోసి కొన్న తర్వాత కూడా మీ తమ్ముడు తనిఖీలకు భయపడుతూనే బతకవలసి వస్తుంది. అకామాల వ్యాపారం చేసేవారికి కొత్త చట్టం మూడు నుంచి ఐదేళ్ల జైలు, 5,000 నుంచి 10,000 దినార్ల జరిమానా విధిస్తుంది. అయినా పొలం తాకట్టు పెట్టి ఇలాంటి వీసా కొంటున్నవారిని మన ప్రాంతంలో ఇంకా చూస్తున్నాను, చాలా బాధ కలుగుతుంది.

మీ తమ్ముడు ఇప్పుడు చేయవలసిన మొదటి పని, తన మీద ఏమేమి నమోదై ఉన్నాయో తెలుసుకోవడం. అకామా గడువు తీరడం ఒకటి, కఫీల్ పారిపోయినట్టు కేసు పెట్టడం వేరొకటి, బాకీల వల్ల ప్రయాణ నిషేధం పడటం ఇంకొకటి. వీటికి పరిష్కారాలు కూడా వేరువేరు. గడువు మాత్రమే తీరి ఉంటే, రోజుకు ఇంత అని పడే జరిమానా కట్టి, కఫీల్ ఒప్పుకుంటే అకామా పునరుద్ధరించుకోవచ్చు, లేదా జరిమానా కట్టి దర్జాగా విమానం ఎక్కవచ్చు. ఎంత ఆలస్యం చేస్తే అంత మొత్తం పెరుగుతుంది.

పారిపోయిన కేసు ఉంటే విషయం కష్టమవుతుంది కాని, దారి పూర్తిగా మూసుకుపోదు. కువైట్‌లో ఇంటి పనివారి కోసం 2015లో చేసిన 68వ చట్టం ఉంది. దాని ప్రకారం పని రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికొక సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు పనివారి అంగీకారం లేకుండా కఫీల్ దగ్గర పెట్టుకోకూడదు. జీతం ఎగ్గొట్టిన కఫీల్ మీద అక్కడి మానవ వనరుల సంస్థలో ఇంటి పనివారి విభాగం ఫిర్యాదు తీసుకుంటుంది. ఒంటరిగా వెళ్లకుండా ముందు భారత రాయబార కార్యాలయంలోని కార్మిక విభాగాన్ని కలవమనండి. మీరు ఇక్కడి నుంచి భారత విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. జీతం జమ అయిన రసీదులు, కఫీల్‌తో జరిగిన వాట్సాప్ సంభాషణలు, బతాకా (సివిల్ ఐడీ కార్డు) నకలు ఉంటే ఫిర్యాదుకు బలం వస్తుంది. అవేవీ లేకపోయినా ఫిర్యాదు మానవద్దు.

మా మేనమామ కుమారుడిది దాదాపు ఇదే పరిస్థితి. రాజంపేట దగ్గరి పల్లె నుంచి ఖాదిం వీసా మీద వెళ్లి, కఫీల్ పెట్టే కష్టానికి ఇల్లు వదిలి, మనవాళ్లు ఖల్లివల్లి అని పిలిచే స్థితిలో బయట పనిచేసుకునేవాడు. 2018 జనవరి 29న కువైట్ అకామా తీరినవారికి క్షమాభిక్ష ప్రకటించి, తర్వాత ఏప్రిల్ 22 వరకు పొడిగించింది. స్నేహితులు 'ఇంకొన్నాళ్లు సంపాదించుకుని పో' అన్నా మేము పట్టుబట్టి ఒప్పించాము. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోవడంతో రాయబార కార్యాలయం ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేకున్నా స్వదేశానికి రావడానికి ఇచ్చే పత్రం) ఇచ్చింది. జరిమానా కట్టకుండా, నిషేధం పడకుండా వచ్చాడు కాబట్టే, కొత్త పాస్‌పోర్టు తీసుకుని తర్వాత ఒక కంపెనీ షూన్ వీసా మీద మళ్లీ వెళ్లగలిగాడు. 2024లో కూడా మార్చి 17 నుంచి జూన్ చివరి వరకు ఇలాంటి అవకాశం ఇచ్చారు. మళ్లీ ఎప్పుడైనా ప్రకటిస్తే మొదటి వారంలోనే వెళ్లమనండి, చివరి రోజుల్లో ఔట్‌పాస్ కోసం వరుసలు చాలా పెద్దవిగా ఉంటాయి. అయితే క్షమాభిక్షనే నమ్ముకుని దాక్కుని కూర్చోవడం సరికాదు. పట్టుబడి డిపోర్ట్ అయినవారి వేలిముద్రలు, కంటిపాప ముద్రలు అక్కడి వ్యవస్థలో నిలిచిపోతాయి. పేరు మార్చి కొత్త పాస్‌పోర్టు తెచ్చుకున్నా విమానాశ్రయంలోనే తెలిసిపోతుంది.

తిరిగి వచ్చాక మళ్లీ వెళ్లాలనుకుంటే, వీసా ఏ ఆర్టికల్‌దో ముందు చూసుకోవాలి. భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంటు పేరు నమోదై ఉందో లేదో మీరే చూడవచ్చు. నమోదైన ఏజెంటు తీసుకోగల గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడే ఆగిపోండి. పదో తరగతి పాసు కాకపోతే పాస్‌పోర్టు ఈసీఆర్ తరగతిలోకి వస్తుంది. అప్పుడు వలస అనుమతి, ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండూ తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో మరణం లేదా శాశ్వత వైకల్యం సంభవించినప్పుడు కుటుంబానికి 10 లక్షలు ఇచ్చే పథకమది. విజిట్ వీసా మీద ఎక్కించి ఈ అనుమతిని తప్పించే ఏజెంట్లు ఉంటారు, వారిని దగ్గరకు రానివ్వవద్దు.

ప్రస్తుతానికి మీ తమ్ముడి పాస్‌పోర్టు నకలు, వీసా పత్రం, సివిల్ ఐడీ సంఖ్య, కఫీల్ పేరు ఒకచోట చేర్చి పెట్టుకోండి. పారిపోయిన కేసు ఉందో లేదో తెలిసిన తర్వాత ఇక్కడే రాయండి. దాన్నిబట్టి ఫిర్యాదులో ఏమి రాయాలో, ఏ పత్రాలు జతచేయాలో వివరంగా చెబుతాను.