పనిచేసే కంపెనీలోనే పొదుపు పెట్టొచ్చా?

ప్రశ్న: కేథెటర్లు (శరీరంలోకి పెట్టే సన్నని గొట్టాలు), ఐవీ సెట్లు (సెలైన్ ఎక్కించే గొట్టాలు) తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. మూడేళ్లలో అమ్మకాలు రెట్టింపయ్యాయి. కొత్త క్లీన్‌రూమ్ (గాలిలో దుమ్ము చాలా తక్కువగా ఉంచే తయారీ గది) కోసమంటూ ఉద్యోగులకు షేర్లు ఇస్తున్నారు. కంపెనీ ఇంకా స్టాక్ మార్కెట్లో నమోదు కాలేదు. నా పొదుపులో సగం పెట్టవచ్చా?

జవాబు: సగం వద్దు. మీకు జీతం వచ్చేది కూడా అక్కడి నుంచే. కంపెనీ ఇబ్బందుల్లో పడితే జీతం, పొదుపు రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. పెట్టాలనే ఉంటే పదో వంతు దాటనివ్వకండి. అదైనా ఆరు నెలల ఇంటి ఖర్చులు పక్కన పెట్టుకున్నాక, ఏడెనిమిదేళ్ల దాకా అవసరం పడని డబ్బు అయితేనే.

అమ్మకాలు రెట్టింపవడం మంచిదే. కానీ ఈ రంగంలో అమ్మకాలు పెరిగేకొద్దీ చేతిలో నగదు తరుగుతుంది. లెక్క వేసి చూడండి. ముడిసరుకు, తయారైన సరుకు కలిపి 120 రోజులు గోదాములో ఉంటుంది. ఆసుపత్రులు, పంపిణీదారుల నుంచి డబ్బు రావడానికి మరో 120 రోజులు. సరఫరాదారులు మీకిచ్చే గడువు 60 రోజులు. అంటే 180 రోజుల డబ్బు ఇరుక్కుపోతుంది. ఏడాది అమ్మకాలు 100 అయితే దాదాపు 50 అందులోనే ఉంటుంది. మరుసటి ఏడాదే అమ్మకాలు 200కి చేరితే ఇంకో 50 కావాలి. నికర లాభం 10 శాతమే అయితే ఆ ఏడాది మిగిలేది 20. మిగతా 30 అప్పు తేవాలి, లేదంటే మీలాంటివారి దగ్గర తీసుకోవాలి. ఇవి ఉదాహరణకు చెప్పిన అంకెలు. మీ కంపెనీవి వేసి చూసుకోండి. క్లీన్‌రూమ్ పేరుతో సేకరించే డబ్బు నిజానికి పాత బకాయిల గుంత పూడ్చడానికి వెళ్తోందేమో అప్పుడు తెలుస్తుంది.

ఇక క్లీన్‌రూమ్. గోడలు లేచినంత మాత్రాన సరుకు బయటికి రాదు. క్లీన్‌రూమ్‌ల ప్రమాణం ఐఎస్ఓ 14644 ప్రకారం క్లాస్ 7 గది అంటే ఘనపు మీటరు గాలిలో అర మైక్రాన్, అంతకన్నా పెద్ద రేణువులు 3,52,000 మించకూడదు. గది పాసయ్యాక ఎక్స్‌ట్రూడర్ (గొట్టాలు తీసే యంత్రం), మౌల్డింగ్, ప్యాకింగ్ సీలర్ ఒక్కోదానికీ ఐక్యూ, ఓక్యూ, పీక్యూ చేయాలి, అంటే యంత్రం సరిగా బిగించారనీ, సరిగా నడుస్తోందనీ, ప్రతిసారీ సరైన సరుకే ఇస్తోందనీ వరుసగా నిరూపించాలి. ఆ తర్వాత స్టెరిలైజేషన్ వ్యాలిడేషన్, అంటే సరుకులో క్రిములు మిగలడం లేదని నిరూపించడం. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో చేస్తే సాధారణంగా సగం సమయంతో మూడు సైకిళ్లు నడిపి, పరీక్ష కోసం సరుకుతో పాటు పెట్టిన సూచికల్లోని సూక్ష్మజీవులన్నీ చచ్చాయని చూపాలి. సరుకులో మిగిలిన వాయువు పరిమితిలోపు ఉందనీ తేల్చాలి.

అసలు ఆలస్యం ప్యాకింగ్ గడువు (ప్యాకెట్‌లో సరుకు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది) తేల్చే దగ్గర. ప్యాకెట్ మీద మూడేళ్లు అని ముద్రించాలంటే శాంపిళ్లను 55 డిగ్రీల ఛాంబర్‌లో పెడతారు. గది ఉష్ణోగ్రత 25 అనుకుని, ప్రతి 10 డిగ్రీలకు వేగం రెట్టింపు అన్న లెక్క వేస్తే ఎనిమిది రెట్లు. 1,095 రోజులకు బదులు 137 రోజులు. దీన్ని ఇంకా ఎక్కువగా తొందరపెట్టడానికి లేదు. ఉష్ణోగ్రత మరీ పెంచితే ప్లాస్టిక్ మెత్తబడి ఫలితమే పనికిరాకుండా పోతుంది. ఆ తర్వాత సీల్ పరీక్షలో రంగు నీళ్లు అంచు దాటి లోపలికి పాకాయంటే, సీలర్ సెట్టింగు మార్చి మళ్లీ మొదటి రోజు నుంచే. ఈలోగా వడ్డీ, జీతాలు నడుస్తూనే ఉంటాయి.

కాబట్టి మీకిచ్చిన ప్లాన్‌లో కొత్త గది అమ్మకాలు ఏ నెల నుంచి చూపారో వెతకండి. ఆరో నెల అని ఉంటే రాసినవారు ఫ్యాక్టరీ లోపలికి రాలేదని నేననుకుంటాను. కొత్త గది వేరే చిరునామాలో ఉంటే, ఐఎస్ఓ 13485 (వైద్య పరికరాల తయారీలో నాణ్యత ప్రమాణం) సర్టిఫికెట్‌లో అది చేరడానికి ఆడిట్ కూడా కావాలి. యూరప్‌కు పంపుతుంటే మరో ప్రశ్న అడగండి: వైద్య పరికరాలపై యూరప్ కొత్త నిబంధనలు 2017/745 కింద సర్టిఫికెట్ వచ్చిందా, ఇంకా పాత డైరెక్టివ్ (అంతకుముందు నిబంధనలు) సర్టిఫికెట్ మీదే నడుస్తోందా? ఆ నిబంధనలు 2021 మే 26 నుంచి అమల్లో ఉన్నాయి. పాత సర్టిఫికెట్లకు షరతులతో ఇచ్చిన పొడిగింపు, ఇలాంటి సరుకుల్లో ఎక్కువ వాటికి 2028 డిసెంబరు 31తో ముగుస్తుంది.

లోపలివారు కాబట్టి క్వాలిటీ విభాగంలో రెండు విషయాలు కనుక్కోవచ్చు. గడువు దాటినా మూసేయని కాపాలు (లోపాలను సరిదిద్ది, మళ్లీ రాకుండా చూసే చర్యల ఫైళ్లు) ఎన్ని? రెసిన్ (ప్లాస్టిక్ ముడిసరుకు) ఒక్క సరఫరాదారు దగ్గరే కొంటున్నారా? అతను గ్రేడ్ ఆపేస్తే, కొత్తదానికి ఐఎస్ఓ 10993 (శరీరానికి హాని చేయదని చూసే ప్రమాణం) కింద కణాలకు హాని, అలర్జీ, చికాకు పరీక్షలు మళ్లీ చేయాల్సి రావచ్చు. అప్పటిదాకా లైన్ ఖాళీగా ఉంటుంది.

షేర్ల కాగితాల్లో మొదట చూడాల్సింది, మీకిచ్చేవి కొత్తగా జారీ చేసే షేర్లా, యజమానులు అమ్ముకునే పాతవా అన్నది. పాతవైతే మీ డబ్బు వాళ్ల జేబులోకి వెళ్తుంది, క్లీన్‌రూమ్‌కు పైసా రాదు. ధర ఎవరు కట్టారు, ఉద్యోగం మానేస్తే ఎవరు, ఏ ధరకు, ఎన్నాళ్లలో తిరిగి కొంటారన్నది రాతపూర్వకంగా ఉండాలి. బ్యాంకు అప్పుకు ఉద్యోగుల హామీ సంతకం అడిగితే పెట్టకండి. గత మూడేళ్ల ఆడిట్ అయిన నగదు ప్రవాహ పట్టిక అడగండి. అది చేతికి రాకుండా చెక్కు రాయకండి.