దీవిలో చెట్లు పెడదామనుకుంటున్న అబ్బాయికి

బాబూ,

సముద్రం పక్కన స్థలం, ఎండ మాడ్చేస్తోంది, ఏం మొక్కలు తేవాలి అని అడిగావు కదా. ఇప్పుడే ఏమీ తేకు. ముందు మీ దీవిలో ఎవరూ నీళ్లు పొయ్యని ఒడ్డు వెంబడి ఓసారి నడిచి ఏవి వాటంతటవే బతుకుతున్నాయో చూసి రా. నర్సరీ వాళ్ళు ఐలాండ్ ప్లాంట్ అని ఏది చూపిస్తే అది కొనేయకు. స్కేవోలా ఉంది చూడు, పువ్వు సగం చింపేసినట్టు ఉంటుంది, హిందూ మహాసముద్రం, పసిఫిక్ దీవుల్లో అది అక్కడి సొంత పొదే, అదే కరీబియన్‌లో పెడితే ఒడ్డంతా పాకేసి అక్కడి మొక్కల్ని తొక్కేస్తుంది. సరుగుడు కూడా అంతే, బహామాస్‌లో దాంతో పెద్ద తలనొప్పి. అక్కడైతే సీ గ్రేప్ చెట్టు పెట్టుకోవాలి, దాని దళసరి గుండ్రటి ఆకులు ఉప్పుగాలిని లెక్కచెయ్యవు.

మీది ఇటు హిందూ మహాసముద్రం వైపైతే, ముందు ఇసుకని పట్టుకునే బాలబంద తీగ, దాని వెనక స్కేవోలా, మొగలి లాంటి పొదలు, ఆ చాటున గంగరావి, పొన్న, అది కూడా మీ ఒడ్డు మీద కనిపిస్తేనే. ఈ వరస తప్పిస్తే మాత్రం పొన్న లాంటి గట్టి చెట్టుకి కూడా లేత వయసులో కష్టమే. ముందు వరస పొదలు గాలికి ఏటవాలుగా పెరుగుతాయి, అందంగా లేవని కత్తిరించకు, గాలిని పైకి ఎక్కించేది ఆ వాలే.

పొడుగు మొక్క కొంటే త్వరగా నీడొస్తుందనుకుంటారు అందరూ, నేను మాత్రం చిన్నదే కొనమంటా, ఎక్కువకాలం కవర్లో ఉండి వేళ్ళు చుట్టలు చుట్టుకున్న మొక్క గాలివానకి నిలబడదు. వానలు మొదలవ్వగానే నాటు, కర్ర కడితే వదులుగా కట్టు, కాండం కాస్త ఊగితేనే బలం పడుతుంది. రోజూ చెంబెడు పోసే బదులు కొన్ని రోజులకోసారి నేల లోపలిదాకా తడిసేలా పొయ్యి, అప్పుడే వేళ్ళు కిందికి పోతాయి. రాలిన ఆకులు ఊడ్చి తగలెయ్యకు బాబూ, ఇసుకనేలకి ఎరువూ కప్పూ అవే.

ఇంకోటి, ఎండాకాలంలో కొన్ని చెట్లు మోడైపోతాయి, హవాయిలో విలివిలి అలాగే ఆకంతా రాల్చేసి నీళ్లు మిగుల్చుకుంటుంది. చచ్చిందని పీకెయ్యకు, గోరుతో బెరడు గీకి చూడు, లోపల పచ్చగా ఉంటే దాని మానాన దాన్ని వదిలెయ్.