అరటిచెట్టు బొమ్మ ఉన్న 10 డాలర్ల నోటు ఎక్కడిదంటే

మీ తాతగారి పెట్టెలో అరటిచెట్టు బొమ్మ ఉన్న 10 డాలర్ల నోటు దొరికిందా? దొంగనోటేమో అని టెన్షన్ పడకండి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లోని ఫోర్డ్ ఫ్యాక్టరీలో బ్రిటిష్ సేనాధిపతి పెర్సివల్ జపాన్‌కు లొంగిపోయాక సింగపూర్, మలయా (ఇప్పటి మలేషియాలో భాగం)లో జపాన్ వాళ్లు చలామణీలో పెట్టిన డబ్బు అది. అక్కడి జనం ‘బనానా మనీ’ అనేవారు. ఇంగ్లిష్ ‘ఎం’తో మొదలయ్యే కోడ్ ఉందా చూడండి, అది మలయా గుర్తు.

లెక్కాపత్రం లేకుండా అచ్చేసి పడేశారు, ధరలు కొండెక్కాయి. 1945 సెప్టెంబర్ 5న బ్రిటిష్ సేనలు సింగపూర్‌లో తిరిగి దిగాయి, 12న జపాన్ వాళ్ల లొంగుబాటు సంతకాలయ్యాయి. నోట్లేమో చిత్తుకాగితాలయ్యాయి, పాపం దాచుకున్నవాళ్లు!

కాబట్టి ఏ బ్యాంకూ మార్చదు. సీరియల్ నంబర్ ఉంటే తొలినాళ్లది, సేకరించేవాళ్లు కాస్త ఎక్కువిస్తారు. ఉత్త కోడ్ అక్షరాలే ఉంటే పెద్దగా రాదు. లామినేషన్ మాత్రం చేయించకండి.